ఒకే కాలువకు మళ్లీ మళ్లీ

డిసెంబరు దగ్గరపడితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడుల్లో టూరు మాట మొదలవుతుంది. తెల్లారకముందే బస్సెక్కాలి, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలి, వీలైతే ఫిల్మ్ సిటీ కూడా, అర్ధరాత్రికి ఇల్లు చేరాలి. పిల్లలకు అదొక పండుగ. ఆ పండుగ వాళ్లకు ఉండాల్సిందే. కానీ పాఠం కోసం పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం వేరే పని. పాత నల్గొండ జిల్లా బడుల్లో సోషల్ చెప్పిన మనిషిగా నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఆ చోటు దగ్గరిదై ఉండాలి, కాలం మారినప్పుడల్లా అక్కడికే మళ్లీ వెళ్లాలి.

మా వైపు బడి ఏడాదీ నీటి ఏడాదీ జతగా నడుస్తాయి. జూన్ రెండో వారంలో బడి తెరిచేసరికి బోర్ల కింద నారుమళ్లు పోస్తుంటారు. నాగార్జునసాగర్ నిండితే కాలువకు నీళ్లొస్తాయి, నాట్లు పడతాయి. బతుకమ్మ సెలవులకు తంగేడు, గునుగు పూస్తాయి. అర్ధ సంవత్సర పరీక్షల ముందూ వెనకా కోతలు. ఏప్రిల్ చివర బడి మూసేనాటికి యాసంగి వడ్లు కల్లాల్లో ఉంటాయి. ఇంత పాఠం కళ్ల ముందే జరుగుతుంటే తలుపులు మూసుకుని బోర్డు మీద బాణం గుర్తులతో జలచక్రం గీయడం నాకెప్పుడూ మనసొప్పలేదు.

అందుకే నా తరగతులకు ప్రతి ఏడూ ఒక కాలువ వంతెన ఉండేది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ అది. పుస్తకంలో దాని గురించి ఉన్నది కొద్దిగా: 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. పరీక్షకు ఇది చాలు. వంతెన మీద నిలబడ్డ పిల్లలకు చాలదు. జూన్‌లో కాలువ ఎండి ఉంటుంది. అప్పుడే వెళ్తే దాని అడుగు, వాలు, గట్ల లైనింగు, గోడ మీద గీసిన గేజీ గీతలు కనిపిస్తాయి. పక్కనే కాలువ చూసుకునే లష్కరు ఉంటాడు. కాలువ సంగతులు అతనికి తెలిసినంతగా నాకు తెలియవు, కాబట్టి ఆ పూట పాఠం అతనిదే. "నీళ్లు ఇడిసినంక మళ్ల రాండ్రి సారూ, గప్పుడు గీ గీత దాక వస్తయ్" అని అతను వేలు పెట్టి చూపించిన గీతను పిల్లలు నోటుబుక్కులో రాసుకునేవారు.

ఆ గీత రాసుకున్న పిల్లలు ఇక ఊరుకోరు. సాగర్ నీటిమట్టం రోజూ పేపర్లో వేస్తారు, నిండుమట్టం 590 అడుగులు. జూలై నుంచి ఆ అంకె కోసం పేపరు తిరగేసేవాళ్లు. లెక్కల టీచరు ఆ అంకెలతోనే గ్రాఫు గీయించేవారు. నీళ్లొచ్చాక రెండోసారి వెళ్తే అదే వంతెన కింద బురదరంగు నీళ్లు గీత వరకూ పరుగెత్తుతుంటాయి. "గీ నీళ్లు కోదాడ దాక పోతయా సార్?" అని ఒకడు అడిగితే, "మా అమ్మమ్మోళ్ల పొలం చివర్ల ఉంది, ఆడికి మాత్రం రావు" అని ఒక అమ్మాయి అనేది. చివరి ఆయకట్టు బాధను పుస్తకం పేరా నిండా రాసినా ఆ పిల్ల మాటంత స్పష్టంగా చెప్పలేదు.

సూర్యాపేటది వేరే నీళ్లు. అక్కడ మూసీ ప్రాజెక్టు ఉంది, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలున్నాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు మురుగును మోసుకుని ఇటు వస్తుంది, చివరికి మిర్యాలగూడ దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమం చూపించి రెండు నదుల నీటినీ చెరో సీసాలో పట్టి పక్కపక్కన పెడితే కాలుష్యం గురించి ఉపన్యాసం అవసరం ఉండదు. నీటి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన జిల్లా పేరు మీద ఒక శాస్త్ర విధానమే ఉంది. ఫ్లోరైడు తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన 'నల్గొండ టెక్నిక్' అది. సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలిపి, కలియబెట్టి, తేరనివ్వడమే. బకెట్టులో చేసి చూపించవచ్చు. మన పిల్లలకు అది తెలియకపోవడం నాకు నిజంగా బాధ.

కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లు. ఇక్కడ ఒక పూటంతా గడిపినా తక్కువే. తరగతిలో సగం మంది ఇళ్లు వడ్ల మీద బతికేవే. నాన్న కొనుగోలు కేంద్రం దగ్గర వడ్లు ఆరబోసి రాత్రంతా కాపలా ఎందుకున్నాడో పిల్లలకు కొంత తెలుసు. తేమ 17 శాతం దాటితే కొనరు, ఆ మీటరు మీద అంకె దిగేదాకా ఎదురుచూపే. ఆవిరి కావడం అనే పాఠాన్ని ఇంతకంటే దగ్గరగా ఎవరు చెబుతారు? మిల్లులో మేస్త్రీ లెక్క చెబుతాడు: క్వింటాలు వడ్లకు ప్రభుత్వం అడిగేది 67 కిలోల పచ్చి బియ్యం. "మిగతా 33 కిలోలు ఏమైనయ్?" అని పిల్లలు వెంటనే పట్టుకుంటారు. ఊక బాయిలరులోకి, తవుడు నూనె మిల్లుకు, ఇలా ఒక్కొక్కటీ ఎటు పోతుందో వెతుక్కుంటూ మిల్లంతా తిరుగుతారు. శాతాల లెక్కలంటే భయపడే పిల్లలు ఆ రోజు హమాలీల మధ్య నిలబడి నోటిలెక్క కట్టడం నేను చూశాను.

చరిత్రకైతే సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం ముందు, ఒక స్త్రీ గుడి కట్టించిందని చెప్పగానే ఆడపిల్లలు ఇంకాస్త దగ్గరికి జరుగుతారు. నాగారం మండలం ఫణిగిరి కొండ ఎక్కితే కాలం ఇంకో వెయ్యేళ్లు వెనక్కి పోతుంది. అక్కడి బౌద్ధ తోరణం 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లింది. 2024లో అక్కడే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. భిక్షువులు వానాకాలమంతా తిరుగుడు మానుకుని ఒకేచోట ఉండేవారని కొండ మీద చెబితే, వానల్లో తడిసి ఎక్కిన పిల్లలకు కారణం విడిగా చెప్పక్కర్లేదు.

ఇవన్నీ మిగతా బడుల్లో ఎందుకు జరగడం లేదంటే, ముందు భయం. 2014 జూన్‌లో బియాస్ నదిలో హైదరాబాదు ఇంజినీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయాక ఏ హెడ్మాస్టరూ నీటి పక్కకు పిల్లల్ని పంపడానికి తేలిగ్గా సంతకం పెట్టడు. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. కాలువ లైనింగు మీద పాచి ఉంటుంది, జారితే ఈత వచ్చినవాడికీ పైకెక్కడం కష్టం. అందుకే మా నియమం ఒక్కటే: వంతెన పిట్టగోడ ఇవతలే నిలబడాలి, నీళ్ల వైపు మెట్టు దిగకూడదు. సీసాలో నీళ్లు పట్టేది పెద్దవాళ్లే. పదిహేను మందికి ఒక పెద్ద మనిషి ఉండేవారు. తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురు వెంట వచ్చేవాళ్లు. అదే చోటుకు మళ్లీ మళ్లీ వెళ్తే ప్రమాదం ఎక్కడుందో టీచరుకూ తెలుస్తుంది. కొత్త చోట అది తెలియదు.

రెండోది సిలబస్. జాతీయ విద్యా విధానం 2020లోనే ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలకు పది సంచీ లేని రోజులు ఉండాలని చెప్పింది. ఆ పదింటిలో నాలుగు ఒకే వంతెనకు ఇస్తే చాలు: ఎండినప్పుడు, నిండినప్పుడు, కోతలప్పుడు, మళ్లీ ఎండినప్పుడు. వెళ్లే ముందు రోజు ఒక పీరియడు, వచ్చిన మర్నాడు ఒక పీరియడు తప్పనిసరి. ఆ రెండు పీరియడ్లు లేకుండా వెళ్లొస్తే పిల్లల దగ్గర ఫొటోలు మిగులుతాయి, ప్రశ్నలు మిగలవు.

2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు కోదాడ వీధులు మునిగాయి, నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. ఆ వారం ఫోను చేసిన పాత విద్యార్థి ఒకడు ముందు అడిగింది మా వంతెన దగ్గర గేజీ ఎంతుందని. గండి ఎటు పడితే ఏ ఊళ్ల పొలాలు మునుగుతాయో, ఏ ఊళ్ల పొలాలు ఎండుతాయో వాడే లెక్కవేసి చెప్పాడు.

ఏప్రిల్లో నాలుగోసారి వెళ్లినప్పుడు పిల్లలు నోటుబుక్కుల్లోంచి నాలుగు పేజీలు తీసి, కింది తరగతి వాళ్లకు ఇచ్చేవాళ్లు. ఆఖరి పేజీలో తమకు జవాబు దొరకని ప్రశ్నలు రాయాలి. ఒక ఏడాది వాళ్లు రాసినవాటిలో మొదటిది ఇది: గేటు ఎత్తిన రోజు నుంచి చివరి పొలానికి నీళ్లు చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఆ మధ్యలో నీళ్లు ఎవరెవరు వాడుకుంటారు?