58 రూపాయల వెనక పనితనం

లా చదివే పిల్లలకు సీనియర్లు తరచూ చెప్పే మాట, బిజినెస్ పేజీ చదవమని. మంచి సలహాయే. ఎలా చదవాలో మాత్రం చెప్పరు. ఏ కంపెనీని ఎవరు ఎంతకు కొన్నారో బట్టీ పడితే ఇంటర్వ్యూ గట్టెక్కుతుందేమో గానీ లాయరు బుర్ర తయారవదు. ఆ చదువుకు 2009లో జరిగిన సత్యం కంప్యూటర్స్ అమ్మకాన్ని మించిన పాఠం నాకు కనబడలేదు. మన హైదరాబాదు కంపెనీ కాబట్టి కుంభకోణం గురించి ఇంటింటా చెప్పుకున్నాం. ఆ తర్వాత మూడు నెలల్లో కంపెనీని నిలబెట్టిన న్యాయ నైపుణ్యానికి దక్కాల్సిన మెప్పు దక్కలేదు.

జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటపడింది. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. కేంద్రం వెంటనే కంపెనీ లా బోర్డుకు వెళ్లి పాత డైరెక్టర్లను తప్పించింది. 11వ తేదీకల్లా దీపక్ పారేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్ కొత్త బోర్డుగా వచ్చారు. ఎందుకంత తొందర? ఉక్కు ఫ్యాక్టరీకి తాళం వేసినా యంత్రాలు ఎక్కడికీ పోవు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆస్తి అంతా మనుషులు, కాంట్రాక్టులు. ఒక నెల జీతం ఆగితే ఇంజినీర్లు, వాళ్ల వెనకే క్లయింట్లు వెళ్లిపోతారు. వ్యాపారం తెలిసిన లాయరుకు ముందు తట్టాల్సింది ఇదే.

ఏప్రిల్ 13న పతాక శీర్షిక: టెక్ మహీంద్రా గెలిచింది, షేరుకు 58 రూపాయలు. చాలామంది అక్కడితో పేజీ తిప్పేస్తారు. లా విద్యార్థి అడగాల్సింది, ఆ 58 ఎవరి జేబులోకి వెళ్లిందని. మార్కెట్లో పాత షేర్లు కొంటే డబ్బు అమ్మినవాడికి పోతుంది, కంపెనీ ఖజానా ఖాళీగానే ఉంటుంది. అందుకే కొత్త షేర్లు జారీ చేసి, పెరిగిన మూలధనంలో 31 శాతం కొన్నవాళ్లకు ఇచ్చారు. దాదాపు 1,756 కోట్లు నేరుగా కంపెనీకి చేరాయి. ప్రమోటర్ల వాటా అప్పటికే తాకట్టులో పోయింది కాబట్టి వాళ్లతో బేరమాడే పనే లేదు.

ఇక్కడ అసలు చిక్కుంది. అప్పటి టేకోవర్ నిబంధనల ప్రకారం 15 శాతం దాటితే మిగతా వాటాదారులకు ఓపెన్ ఆఫర్, అంటే వాళ్ల షేర్లూ కొంటామన్న ప్రతిపాదన, ఇవ్వాలి. దాని ధర కట్టేటప్పుడు గత 26 వారాల మార్కెట్ సగటూ చూడాలి. ఆ సగటేమో దొంగ లెక్కల మీద నిలిచిన ధర. అంత పెట్టి ఎవరు కొంటారు? ఫిబ్రవరిలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధననే సవరించింది. ప్రభుత్వం బోర్డును తప్పించిన కంపెనీలో, పారదర్శకమైన పోటీ ద్వారా అమ్మకం జరిగితే సడలింపు ఇవ్వొచ్చని రాసింది. ఆ షరతుల్లోని పొదుపు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. రేపు ఇంకెవరో దూరడానికి వీల్లేనంత ఇరుకు, ఈ అవసరం తీరేంత వెడల్పు.

పోటీ మీద అనుమానం రాకుండా మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచాను పర్యవేక్షకుడిగా పెట్టారు. సీల్డ్ కవర్లలో వచ్చిన బిడ్లలో రెండోది అత్యధిక ధరలో 90 శాతాన్ని అందుకుంటే బహిరంగ వేలం పెట్టాలన్నది నియమం. 58లో 90 శాతం 52 రూపాయల 20 పైసలు. రెండో స్థానంలో ఉన్న ఎల్ అండ్ టీ వేసింది 45.90. వేలం అక్కర్లేదు, కథ అక్కడే తేలిపోయింది. ఎంత తేడా ఉంటే బేరం ముగిసినట్టో ముందే రాసిపెట్టుకోకపోతే, ఆ సాయంత్రమే ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కి ఉండేవారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది చివరి క్లాజు. 20 శాతానికి ఇచ్చే ఓపెన్ ఆఫర్‌లో తగినన్ని షేర్లు రాకపోతే, కొనుగోలుదారు అదే 58కి మరికొన్ని కొత్త షేర్లు తీసుకోవచ్చని ముందే రాశారు. సరిగ్గా అదే జరిగింది. కంపెనీ మీద నమ్మకం తిరిగొచ్చి మార్కెట్ ధర 58ని దాటిపోయింది, ఆఫర్‌కు షేర్లు ఇచ్చినవాళ్లు చాలా తక్కువ. ఆ క్లాజు వాడుకునే టెక్ మహీంద్రా తన వాటాను దాదాపు 42.7 శాతానికి పెంచుకుంది, కంపెనీకి మరో వెయ్యి కోట్లకు పైగా వచ్చాయి.