పదగౌరవ విచారము : అనంతగిరి మాటలపై నొక విమర్శ

కావ్యదోషములను విభజించిన మన యాలంకారికులు అశ్లీలమును మూఁడు తెఱఁగులుగాఁ జెప్పిరి. వ్రీడను గలిగించునది యొకటి, జుగుప్సను గలిగించునది యొకటి, అమంగళమును సూచించునది వేఱొకటి. పాఠశాలలలో నీ విభాగమును బోధింపని పండితుఁడు లేఁడు. కాని కాశ్మీరకుఁడైన మమ్మటుఁడు పదునొకండవ శతాబ్ది కావ్యప్రకాశమున నెత్తిన యొక చిన్న చర్చను మనలోఁ జాలమంది పైపైని దాఁటిపోవుదురు. 'కురు', 'రుచిం' అను రెండు పదములును సంస్కృతమున నిర్దుష్టములు. వానిని తాఱుమాఱు చేసి 'రుచిం కురు' అనినచో నడుమ 'చింకు' అను ధ్వని యొకటి పుట్టును. అది కాశ్మీరదేశపు వాడుకలో నసభ్యమని వ్యాఖ్యాతలు వివరించిరి. సంస్కృతము కాశ్మీరమునందును కాంచియందును నొక్కటియే. వినెడి చెవి మాత్ర మొక్కటి గాదు. కాంచిలో తల యూఁచిన సభ కాశ్మీరమునఁ దల వంచుకొనును. ఈ చర్చవలనఁ దేలునది పెద్ద విషయము. దోషము పదమునందే లేదు, ఆ పదము చేరిన దేశమునం దున్నది. అయినను మన శాస్త్రము ఆ త్రోవను మఱి నడువలేదు. వ్రీడయుఁ జుగుప్సయు నమంగళమును లెక్కకు వచ్చినవి గాని యగౌరవము రాలేదు. లోకమున మాటవలనఁ బుట్టెడి తగవులలో నశ్లీలముచేతఁ గలుగునవి కొన్ని. అగౌరవముచేతఁ గలుగునవి పెక్కు.

ఒక్క భాష పలుదేశములకుఁ బ్రాఁకినప్పు డీ చిక్కు తప్పదు. ఇంగ్లీషునే చూడుఁడు. 'రాస్కెల్' అను మాటతో నింగ్లండులోఁ దాత యల్లరి మనుమని ముద్దు చేయవచ్చును. అదే మాట మన సంతలో నాడినచోఁ జేయిచేసికొనుట వఱకుఁ బోవును. 'మీ నేటివ్ ప్లేస్ ఏది?' యని మనము మిక్కిలి మర్యాదగా నడుగుదుము. తెల్లవారి యేలుబడిలో 'నేటివు' అనుమాట మన జాతినెల్లఁ జిన్నచూపు చూచుటకై వాడఁబడెను. నేఁడొక యాంగ్లేయుఁ డొక మనుష్యుని నా మాటతోఁ బిలుచుటకు జంకును. మనమో, యా మాట ముల్లు విఱిచి యింటఁ బెట్టుకొంటిమి. తెలుఁగు మాత్రము దీనికి మినహాయింపా? కళింగాంధ్రమున 'గుంట' యనఁగా నాఁడుపిల్ల, 'గుంటఁడు' అనఁగాఁ బిల్లవాఁడు. తల్లి ముద్దుతోఁ బిలిచెడి పిలుపే యది. కృష్ణాతీరమున నదే మాట ఆఁడుపిల్ల నుద్దేశించి యాడినచోఁ దేలికమాట యగును. తెలంగాణమున 'పోరఁడు, పోరి' యనునవి యింటింట వినఁబడునవి. కోస్తావారి చెవికిఁ గటువులు. ఇవి యందఱు నెఱిఁగినవే కనుక నిక్కడ నిలువను.

అందఱు నెఱుఁగనిది కొండమీఁద నున్నది. శృంగవరపుకోట దాఁటి కనుమదారి నెక్కిన వెనుక వచ్చు ననంతగిరిని, బొఱ్ఱాగుహలచేతఁ బ్రసిద్ధమైన దానిని, ఇక్కడఁ జెప్పుచున్నాను. వికారాబాదు చెంతనున్న యనంతగిరిని గాదు. 2022 లో నేర్పడిన యల్లూరి సీతారామరాజు జిల్లాలోని దీ మండలము. ఇక్కడి సంతలో నొక్క పూఁట నిలిచినవానికి నాలుగు భాషలు వినఁబడును. కొండదొరల భాష కుబి; దీనిని కొండభాష యనియు నందురు. ఖోండుల భాష కువి. ఆదివాసి యొరియా పలు తెగల నడుమ నుమ్మడి భాష. నాలుగవది తెలుఁగు. ఈ తెలుఁగు పెక్కుమందికి నేర్చినభాష. తల్లి యొడిలోఁ బట్టువడినది గాదు. అందుచేత మైదానమువాఁడు విని 'ఇది తెలుఁగే' యనుకొనును. దాని లోపలి నడక వేఱని యూహింపఁడు. చిక్కంతయు నిచటనే పుట్టును. భాష తెలియకున్న మనము ఓర్పుతో నుందుము. తెలిసినదనుకొన్నచోఁ గోపము తెచ్చుకొందుము.

మొదట 'అది' యను మాటను గైకొందము. కొండపిల్లవాఁడు తన తల్లిని గూర్చి 'అది సంతకుఁ బోయింది' యనును. తల్లులు పలువురైనచో 'అవి పోయాయి' యనును. మైదానమునుండి వచ్చిన యుపాధ్యాయుఁడు విని, తల్లిని బశువుతో సమముగాఁ జెప్పినాఁడని, పెంపకము లేనివాఁడని కసరును. వ్యాకరణము నెఱిఁగినవాఁ డిట్లు కసరవచ్చునా? చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమున స్త్రీవాచకముల స్థితిని స్పష్టముగాఁ జూపెను. ఏకవచనమున నవి యమహత్తులతో నడుచును. బహువచనమున మహత్తులతో నడుచును. సీత వచ్చెను, ఆవు వచ్చెను; ఇచట భేదము లేదు. స్త్రీలు వచ్చిరి, ఆవులు వచ్చెను. ఇచట భేద మున్నది. కుబిభాషయందు 'అది' స్త్రీకిని వస్తువునకును నొక్కటియే, సరిగాఁ దెలుఁగునందువలెనే. బహువచనమున మాత్ర మది తెలుఁగుతో విడిపోవును: పురుషులకే 'వారు'; స్త్రీలకును బశువులకును వస్తువులకును 'అవి'. కువియు నీ త్రోవదే. మూలద్రావిడభాషలో లింగవిభాగ మిట్టిదే యని, అనఁగాఁ బురుషులు వేఱు తక్కినదంతయు వేఱని, 1969 లో కొండభాషకు బృహద్వ్యాకరణమును బ్రకటించిన భద్రిరాజు కృష్ణమూర్తి నిర్ణయించెను. ఆయన మతమున స్త్రీలను బహువచనమునఁ బురుషులతోఁ జేర్చుట తెలుఁగు తరువాతఁ దెచ్చుకొన్న మార్పు. కాఁబట్టి కొండపిల్లవాని 'అవి' మర్యాద లేమి గాదు, మనము విడిచివచ్చిన పాఁత నడక. వాఁడు తల్లిని దక్కువ చేయలేదు. ఎక్కువ తక్కువలు చూపు పని ఆ మాట కతని భాషలో లేనేలేదు.

'తెలుఁగు మాటాడునప్పుడు తెలుఁగు నియమమును బాటింపవలదా?' యని యొకరు ప్రశ్నింపవచ్చును. పాటింపవలయును, బడి యుండుట యందుకే. తల్లులను 'వారు' అనవలయునని నేర్పుట యుపాధ్యాయుని విధి. నేర్పుట వేఱు, నిందించుట వేఱు. పిల్లవాఁడు చేసినది వచనలింగముల పొరపాటు. ఉపాధ్యాయుఁడు దానిని శీలదోషముగా లెక్కించుచున్నాఁడు. మన పిల్లలు హిందీ నేర్చునప్పుడు రొట్టెను బుంలింగము చేసి మాటాడుదురు. దానికై వారిని బెంపకము చెడినవారని యే హిందీపండితుఁడును నిందింపఁడు గదా!

'నువ్వు' అను మాట యింతకంటెను జిక్కైనది. కొండవాఁడు తహశీలుదారును, వైద్యుని, పంతులును 'నువ్వు' అనును. ఒక్కనిని బహువచనముతో గౌరవించుట ద్రావిడభాషలకు మొదటినుండి యున్న యాచారము గాదు, పిమ్మట నలవడినది. దీనికి సాక్ష్యమునకై కొండ లెక్కఁబనిలేదు. మన కావ్యములను విప్పిన చాలును. తిక్కన భారతమున ద్రౌపది శ్రీకృష్ణుని 'నీవు' అనును. శ్రీకృష్ణుఁడు ధర్మరాజును 'నీవు' అనును. కవులు తమ కృతిపతులైన రాజులను షష్ఠ్యంతముల వెనుక నేకవచనముననే సంబోధించిరి. ఏ రాజును దానికిఁ గినియలేదు. భగవంతుని నేఁటికిని 'నీవు' అనుచునేయున్నాము. గ్రాంథికభాషను గాపాడవలయునని పట్టుపట్టెడి మనవారు కొండవాని 'నువ్వు'ను విని చిన్నఁబుచ్చుకొనుట నాకు వింతగా నుండును. ఆ యొక్క విషయమున వాఁడు మనకంటె గ్రాంథికుఁడు.

ఇఁక నీ నాణెమునకు రెండవ ముఖము చూడవలయును. నా విమర్శకు ముఖ్యమైన దదియే. మైదానమునుండి వచ్చిన యుద్యోగియు వర్తకుఁడును నెరసిన తలగల కొండపెద్దను 'నువ్వు' అందురు, ఒక్కొక్కప్పుడు 'ఏరా' యందురు. ఇరువురి నోటను వచ్చినది యొక్క మాటయే. కాని మొదటివాని నుడికారమున వేఱు దారి లేదు; రెండవవానికి 'మీరు' అనునది చేతిలో నున్నది, దానిని వాఁడు కావలయుననియే దాఁచుకొనినాఁడు. ఎన్నుకొనుటకు వీలున్నచోటనే యగౌరవ ముండును. నిఘంటువును జూచి మాట బరువును దూఁచువారు దీనిని గుర్తింపలేరు. కొండవాఁడు మాత్రము గుర్తించును. రెండు తరములుగా సంతలో మైదానపు తెలుఁగు వినుచున్నవానికి 'మీరు' ఎవరికిఁ జెల్లునో, తనకేల చెల్లదో తెలియకుండునా?

పేరుల విషయమునకు వత్తము. 'కొండదొర' యను పేరులోఁ గొండయుఁ దెలుఁగు, దొరయుఁ దెలుఁగు. ఆ జాతి తన్నుఁదాను చెప్పికొను పేరు కుబి. దొర యను మాట కనుమ దిగువ నొక తీరు, కనుమ పైని వేఱొక తీరు. తెలంగాణమున 1946–51 నాఁటి రైతుపోరాటము పిమ్మట 'దొర' యనుట నిందకు దగ్గఱ. కొండలలో నది పేరు చివర నిలిచిన మన్నన: అల్లూరి సీతారామరాజు ననుచరుఁడై 1922–24 నాఁటి మన్యపు తిరుగుబాటులో నిలిచిన గాము మల్లుదొర 1952 లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు నెన్నుకోఁబడెను, ఆ 'దొర' నెవరు నిందగాఁ దలఁతురు? 'పోర్జ' యను పేరు సంస్కృతపు 'ప్రజ'యే యొరియా నోటఁ బడి మాఱినది, జయపుర సంస్థానపు టేలుబడిలో రైతుకు మాఱుపేరు. 'సవర' మన కావ్యములలోని 'శబర'. ఆ జాతివారు తమ్ము 'సొర' యని చెప్పికొందురు. గిడుగు రామమూర్తి పంతులు 1931 లో వారి భాషకు వ్యాకరణమును వ్రాసినపు డా పేరునే తలకెత్తెను. రామాయణపు శబరికిఁ జేతులు జోడించి, యదే పదపుఁ దద్భవమైన 'సవర'ను దిట్టుగా వాడువారు మనలో లేకపోలేదు. పండితు లీ వైపరీత్యమును గూర్చి యొక్క వ్యాసమైన వ్రాయవలసినది.

రాజ్యాంగసభలో జైపాల్ సింగు 'ఆదివాసి' పదమును గోరి, హిందీ యనువాదమున దానికి బదులు 'వనజాతి' యని వ్రాయుటను దప్పుపట్టెను. వనజాతి యనఁగా నడవిమనుష్యు లను ధ్వని వచ్చునని యాయన యభ్యంతరము. సంస్కృతపదము గనుక నది గౌరవపదమే యని తలఁచినవారి కది తగిన యుత్తరము. మనదేశమునఁ బదము సంస్కృతమైన మాత్రమునఁ బరువు నిలుచునను భ్రమ గలదు. 'అనాగరికుఁడు' కూడ శుద్ధసంస్కృతమే గదా. 2003 నాఁటి సవరణచట్టము షెడ్యూల్డు తెగల పట్టికలోఁ గొండదొరల పేరు చెంత 'కుబి'ని, ఖోండుల పేరు చెంత 'కువింగ'ను జేర్చినది. ఇతరులు పెట్టిన పేరుల ప్రక్కన వారు పెట్టుకొన్న పేరు లట్లు నిలిచినవి.

మాటల విచారము పండితుల పొద్దుపుచ్చుపని యని నవ్వువారి కనంతగిరియే జవాబు చెప్పినది. ఈ మండలములో గనుల కౌలును గూర్చి సమత సంస్థ నడపిన వ్యాజ్యెమున 1997 లో సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. గిరిజనేతరుఁడైన వ్యక్తికి షెడ్యూల్డు ప్రాంతపు భూమిని బదలాయింపరాదన్న నిబంధనలో 'వ్యక్తి' యను పదము ప్రభుత్వమును గూడఁ దనలోఁ జేర్చుకొనునా యనునది యందలి ముఖ్యప్రశ్నలలో నొకటి. చేర్చుకొనునని న్యాయస్థానము నిశ్చయించెను. ఒక్క నామవాచకపుఁ టర్థముపై నీ కొండల నేల నిలిచినది.

ఇఁక మన నిఘంటువుల మాట. మన కోశకారులు పదమునకు వ్యుత్పత్తిని, లింగమును, కవిప్రయోగమును జూపుదురు. గ్రామ్యమని త్రోసివేసినచో నే గ్రామమునకు గ్రామ్యమో చెప్పరు. ఆంధ్రప్రదేశ సాహిత్య అకాడమీ 1962 లో వెలువరింప మొదలిడిన మాండలిక వృత్తిపదకోశము కొంత మేలు చేసినది. నాఁగలి పనిముట్టు నే జిల్లావా రేమందురో దానివలనఁ దెలిసినది. కాని సేద్యమునకును నేఁతకును జేసిన యా పని పిలుపులకును సర్వనామములకును జరుగవలసియున్నది. 'నువ్వు' అను పదము క్రింద మధ్యమపురుషైకవచన మని వ్రాసి విడుచుట చాలదు. ఎవ రెవరిని, ఏ కనుమకుఁ బైని, ఏ కనుమకు దిగువను, ఏ వయస్సున నట్లు పిలుతురో వ్రాయవలయును.

2004 ప్రాంతమున కువి, కొండ, సవర, ఆదివాసి యొరియా మొదలగు నెనిమిది భాషలలోఁ దెలుఁగులిపితో వాచకములను సిద్ధపఱచి యాశ్రమపాఠశాలలయందును బడులయందును బోధింప నారంభించిరి. అట్టి వాచకములను గూర్చు పండితులకు నా మనవి యొక్కటి. కుబి వాచకమునఁ దల్లులను గూర్చిన వాక్యము 'అవి' యనియే యుండవలెను. దానిని 'వారు'గా దిద్దవలదు. తెలుఁగు వాచకమున నదే వాక్యము 'వారు' అని యుండవలెను. రెండు వాక్యములను బ్రక్కప్రక్కఁ బలకపై వ్రాసి భేదమును జూపుటకుఁ బావుగంట చాలును.