భామాకలాపంలో మాట ఏమైంది?

విశ్వవిద్యాలయాల ఆడిటోరియంలో కూచిపూడి సాయంత్రం ఎలా సాగుతుందో అలవాటున్నవాళ్లు కార్యక్రమ పత్రం తెరవకుండానే చెప్పేయగలరు. ముందు వినాయకుడి మీద ఒక కీర్తన, తర్వాత ఒక శబ్దం, చివర పళ్లెం మీద తరంగం, మధ్యలో ఎక్కడో ‘భామాకలాపం’ అని ఒక ఐటం. అంటే సత్యభామ ప్రవేశ దరువన్న మాట. భామ వస్తుంది, తానెవరో, తన అందమెంతటిదో, తన గొప్పేమిటో చెప్పుకుంటుంది, చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోతుంది. ఎవరి మీద అలిగిందో, ఎవరికి కబురు పంపిందో చూసేవాళ్లకు తెలిసే అవకాశమే ఉండదు. పెళ్లికూతుర్ని పీటల దాకా తీసుకొచ్చి, భోజనాలు వడ్డించేసి పంపించినట్టు ఉంటుంది వ్యవహారం. కలాపం ఒక నృత్యాంశం కాదు, గేయనాటకం. దాని ప్రాణం అడుగుల్లో ఎంత ఉందో వాచికంలో, అంటే మాటలో, అంతకన్నా ఎక్కువ ఉంది. దాన్ని ముక్క చేయకుండా చూపించగల వీలు ఇవాళ టికెట్ల మీద బతకనక్కర్లేని విశ్వవిద్యాలయ వేదికలకే ఎక్కువ.

ఒపెరా అనగానే మనకు ఇటలీ గుర్తొస్తుంది గానీ, పాటతో కథ నడిపే నాటకం తెలుగుకు కొత్తేమీ కాదు. తంజావూరు కొలువులో యక్షగానాలు వెల్లువెత్తాయి, మరాఠా రాజు శాహజీ స్వయంగా తెలుగులో రాశాడు. త్యాగరాజు ‘ప్రహ్లాద భక్తి విజయం’, ‘నౌకా చరిత్రం’ ఆ కోవలోవే. తమిళనాట మేలట్టూరులో వేంకటరామశాస్త్రి రాసిన తెలుగు భాగవతమేళ నాటకాలను నరసింహ జయంతి ఉత్సవాల్లో ఇప్పటికీ ఏటా ఆడుతున్నారు. సిద్ధేంద్రయోగి పేరుతో కూచిపూడిలో నిలిచిన భామాకలాపం వీటికి చుట్టమే. అయితే పాశ్చాత్య ఒపెరాకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ స్వరాలు చాలావరకు కాగితం మీద స్థిరం. ఇక్కడ దరువులూ పద్యాలూ స్థిరం, వాటి మధ్య సంభాషణ మాత్రం సాగుతుంది, ముడుచుకుంటుంది, ఎదుట కూర్చున్నవాళ్లను బట్టి రూపు మార్చుకుంటుంది.

ప్రవేశ ఘట్టమే చూడండి. పాత పద్ధతిలో ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. కాగడాల మీద గుగ్గిలం పొడి చల్లితే గుప్పున మంట లేస్తుంది. ఆ వెలుగులో ముందుగా కనిపించేది భామ ముఖం కాదు, తెర మీంచి ఇవతలికి జారిన జడ. నాగుపాము పడగ, సూర్యుడు, చంద్రుడు, కింద జడగంటలు ఉన్న ఆ జడ సవాలు. నన్ను ఓడించగలవాళ్లు ఉంటే ముందుకు రండి, ఓడితే జడ కోసి ఇస్తానని దాని అర్థం. ఇంత అహంకారంతో మొదలైన మనిషి ఎక్కడ మెత్తబడుతుందన్నదే తర్వాతి నాటకమంతా. మెత్తబడే పని మాటల్లో జరుగుతుంది. భర్త పేరేమిటని చెలికత్తె మాధవి అడుగుతుంది. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు గనక భామ నసుగుతుంది, గుర్తులు చెబుతుంది, మాధవి కావాలనే తప్పుగా ఊహిస్తుంది. జడ విసిరి ఊరంతటినీ పందేనికి పిలిచిన ఆడది ఒక్క పేరు పలకలేక చెమటలు కక్కడం చూసి నవ్వు రావాలి, ఆ నవ్వు సగంలో ఉండగానే జాలి కలగాలి. తర్వాత విరహం, లేఖ రాయడం, కృష్ణుడొచ్చాక వాదులాట. అన్నిటికీ పునాది ఈ సంభాషణే. ప్రవేశ దరువు దగ్గరే ఆపేస్తే మనకు మిగిలేది అహంకారం ఒక్కటే.

కలాపంలోని భాష ఇప్పటి విద్యార్థులకు అర్థం కాదని కొందరంటారు. పల్లెల్లో రాత్రంతా కూర్చుని చూసినవాళ్లలో ఎందరికి సంస్కృత సమాసాలు విడమర్చడం వచ్చు? ఆ ఇబ్బంది తీర్చడానికే మాధవి ఉంది. భామ దగ్గర చెలికత్తె మాధవి, కృష్ణుడి దగ్గర మాధవుడు, అవసరమైతే సూత్రధారి, అన్నీ ఒక్క మనిషే. భామ గ్రాంథికంలో వాపోతే మాధవి వాడుక మాటల్లో ఎత్తిపొడుస్తుంది. 1983లో టొరంటోలో ఒపెరా వేదికపైన అనువాద పంక్తులు చూపడం మొదలుపెట్టారు. మనవాళ్లు అంతకు ఎంతో ముందే ఆ పంక్తులకు కాళ్లూ చేతులూ నోరూ ఇచ్చి పాత్రనే చేసి పెట్టారు. కలాపాన్ని కుదించేటప్పుడు ముందుగా ఊడగొట్టేది ఆ మాధవినే కావడం విడ్డూరం.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. పాత పద్ధతికి వెళ్దామంటే, కూచిపూడి మేళాల (నాటక బృందాల) కాలంలో వేదిక మీద ఆడవాళ్లకు చోటు లేదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఏకపాత్ర నృత్యాన్ని పెంచి స్త్రీలకు నేర్పబట్టి, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి నృత్యనాటకాలు కూర్చబట్టి ఈ కళ ప్రపంచానికి చేరిందన్నది నిజం. దాన్ని కాదనడం కృతఘ్నత. స్త్రీవేషానికి పేరుమోసిన వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ ఎంత గొప్పదైనా, ఆ పాత్ర మగవాళ్లకే దక్కాలని ఎవరూ కోరనక్కర్లేదు. కానీ స్త్రీలు రావడానికీ మాట పోవడానికీ కార్యకారణ సంబంధం లేదు. పాట వేదిక పక్కన మైకు ముందు కూర్చున్న గాయకుల చేతికి వెళ్లాక నర్తకి పెదవులు కదపడం మిగిలింది, అంతే. నోరు తిరిగిన నర్తకి చేతికి వాచికాన్ని తిరిగి ఇస్తే, తన అలకను తానే పలికే భామ ఎలా ఉంటుందో మొదటిసారి వింటాం.

అలా ఎగురుతూ పాడితే ఊపిరి అందదు కదా అంటారా? సంప్రదాయం అడిగేది అది కాదు. పాత్రధారి పల్లవి ఎత్తుకుంటుంది, వంతపాట అందుకుంటుంది. జతి రాగానే నట్టువనార్ గొంతూ మృదంగమూ ముందుకొస్తాయి, పాత్ర నోరు విశ్రాంతి తీసుకుంటుంది. మాట ఉన్నచోట అడుగు నెమ్మదిస్తుంది, అడుగు జోరందుకున్నచోట మాట ఆగుతుంది. దీన్ని నేర్పడానికి అడుగులు నేర్పేంత ఓపికే కావాలి: పద్యం విరుపు, కాకువు (భావాన్ని బట్టి గొంతు మార్చడం), ఎదుటి పాత్ర మాట వింటూ నిలబడడం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్లో నృత్యమూ నాటకమూ రెండూ బోధిస్తారు. అలాంటి చోట నాటక విద్యార్థి మాధవి, నృత్య విద్యార్థి భామ అయితే ఇద్దరికీ లాభమే.

రాత్రంతా ఆడించాలని నేననడం లేదు. హాలు తాళాలు వేసే వేళ అందరికీ తెలిసిందే. రెండు గంటలు చాలు. దరువుల్లో పునరుక్తులు తగ్గించవచ్చు, ప్రేక్షకుల చప్పట్ల కోసం పొడిగించిన జతులను సగానికి కోయవచ్చు, మిగతా ఐటంలను మరో రోజుకు నెట్టవచ్చు. మొగుడి పేరు చెప్పలేక భామ నసిగే చోట మాత్రం కత్తెర పెట్టకూడదు.