చలి పులి, ఏసీబీ వల

బెజవాడ చలికి మఫ్లర్ కూడా అక్కర్లేదు. అయినా డిసెంబరు రాగానే పత్రికల్లో చలి 'పులి' అయి 'పంజా' విసిరేది. ఆ పులిని పెంచి పోషించింది డెస్కులో సబ్ ఎడిటర్లు. విశాలాంధ్ర, 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వాన మొదలైన ఆంధ్రజ్యోతి, 1978లో వచ్చిన ఈనాడు ఎడిషన్... ఈ ఊళ్లో ఎన్ని బల్లల మీద రాత్రిళ్లు ఆ వేట సాగిందో!

వాళ్ల పనితనమంతా పొదుపులో ఉంది. "లంచం తీసుకుంటూ పట్టుబడిన తహసీల్దారు" అని రాస్తే సింగిల్ కాలమ్‌లో పట్టి చావదు. "ఏసీబీ వలలో తహసీల్దారు" అంటే క్రియ లేకుండానే కథ అయిపోతుంది. పైగా ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ, పన్నేది నిజంగా వలే. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసి పంపుతారు. పుచ్చుకున్న చేతుల్ని సోడా ద్రావణంలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. వల విసరడం, చేప చిక్కడం కొల్లేటి పాఠకుడికీ బందరు పాఠకుడికీ విప్పి చెప్పక్కర్లేదు. చిన్న గుమాస్తా అయితే చేప, పెద్ద ఇంజనీరైతే తిమింగలం. నేరం రుజువు కాకముందే మనిషిని చేపను చేసేయడం మాత్రం నాకు నచ్చదు.

వడ్డీ వ్యాపారులు 'జలగలు', భూములు కాజేసేవాళ్లు 'బకాసురులు', కరెంటు తీగ కూడా 'కాటేసేది'. వాడి వాడి అరిగినవే చాలా. కానీ 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన 'మింగింది' అంటే అందులో అతిశయోక్తి లేదు. పదివేల మందికి పైగా పోయారు. అలాంటి వార్తకు పులీ పంజా దేనికి, ఊళ్ల పేర్లు వరసగా వేస్తే చాలు.