మసిలోంచి ఊదారంగు

కార్బన్ నానోట్యూబుల పొడి చూడ్డానికి ఉత్త మసి. నీళ్లలో కలిపినా నల్లగానే ఉంటుంది. ఆ నలుపులో ఎన్ని వన్నెలు దాగున్నాయో 2006లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మైకేల్ ఆర్నాల్డ్, మార్క్ హెర్సమ్, వారి సహచరులు లోకానికి చూపించారు. సన్నని పారదర్శక నాళం. పైన ఊదా పట్టీ, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కిందికి వేరే ఛాయలు, అడుగువైపు దిగిన నల్లటి ముద్దలు. ఎవరూ ఏ రంగూ కలపలేదు. ఆ రంగులన్నీ కార్బన్‌వే!

ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ రేకును చుట్టినట్టుండే గొట్టమే నానోట్యూబ్. ఏ వాలున చుట్టుకుందో రెండు అంకెలు చెబుతాయి. వాటి తేడా మూడుతో భాగింపబడితే అది లోహంలా ప్రవర్తిస్తుంది, లేకుంటే అర్ధవాహకం. తయారీలో రెండూ కలగలిసే పుడతాయి. ట్రాన్సిస్టర్‌కు కావలసింది అర్ధవాహకమే. మధ్యలో లోహపు గొట్టం దూరితే కరెంటు ఆపినా ఆగదు.

వాటిని విడదీసిన తీరు ఎంత నాజూకైనదో చూడండి. పిత్తలవణమైన సోడియం కోలేట్‌ను గొట్టాలకు తొడుగుగా వేశారు. ఎక్స్‌రే పరీక్షల్లో ఒంట్లోకి ఎక్కించే అయోడిక్సనాల్‌తో, పైనుంచి కిందికి సాంద్రత పెరిగే ద్రవాన్ని సిద్ధం చేశారు. గొట్టాలను అందులో చేర్చి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో గంటల తరబడి తిప్పారు. తొడుగుతో సహా తన సాంద్రత ఎక్కడ ద్రవంతో సరితూగితే అక్కడ ప్రతి గొట్టమూ నిలిచిపోయింది.

ఆ ఊదా పట్టీ దగ్గర కాసేపు ఆగాలి. అందులో ప్రధానంగా ఉన్నది, ఆ రెండు అంకెల ప్రకారం, 6,5 రకం, వ్యాసం 0.76 నానోమీటర్లు. దానికన్నా కాస్త లావైన 7,5 రకం 0.83. రెంటి మధ్య తేడా ఒక హైడ్రోజన్ పరమాణువంత కూడా లేదు. అంతటి సూక్ష్మభేదం మన కంటికి ఆనేంత ఎడంగా, వేరే రంగుగా విచ్చుకుంది! కోలేట్‌కు తోడు సోడియం డొడెసిల్ సల్ఫేట్ కలిపి పాళ్లు మారిస్తే ఇంకో విశేషం: ఒక పాళ్లలో అర్ధవాహకాలు పైకి తేలతాయి, మరో పాళ్లలో లోహపు గొట్టాలు.

తర్వాత జెల్‌తో, రెండు పాలిమర్ ద్రవాల మధ్య పంపకంతో విడదీసే పద్ధతులూ వచ్చాయి. వాటిలో ఎక్కువ సరుకును తక్కువ ఖర్చుతో శుద్ధి చేసేవీ ఉన్నాయి. అయినా పదార్థపు అంతరంగాన్ని ఇంత నిరాడంబరంగా, ఇంత నిండుగా కళ్లముందు పరిచిన ప్రయోగం నా ఎరుకలో మరొకటి లేదు. గొప్ప చిత్రాన్ని చూసే శ్రద్ధతోనే ఆ నాళాన్నీ చూడాలి.