ఆగడమూ ఒక ఎత్తే

యుద్ధం ఆట అనగానే అందరికీ బలమే గుర్తొస్తుంది. పదునైన కత్తి, గట్టి కవచం, ఊరు తగలబెట్టే మంత్రం. ఇవన్నీ ఉన్నా, ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌లో గెలుపోటములు తేల్చేది మాత్రం సమయం. యసుమి మత్సునో దర్శకత్వంలో 1997లో స్క్వేర్ కంపెనీ ప్లేస్టేషన్ కోసం తెచ్చిన ఈ జపాన్ ఆట, 2025 సెప్టెంబరు చివర్లో ‘ది ఇవాలిస్ క్రానికల్స్’ పేరుతో కొత్త హంగులు దిద్దుకుని మళ్లీ వచ్చింది. ఇప్పుడు నా సాయంత్రాలన్నీ దానివే. కథ తెలుసు, ఏ కోటలో ఎవడు కాచుకుని ఉంటాడో తెలుసు. అయినా తనివి తీరదు. అందులోని గడియారం అలాంటిది.

చదరంగంలోనూ మన పులిజూదంలోనూ వంతులు సమంగా వస్తాయి. నువ్వొకటి కదిపితే నేనొకటి కదుపుతాను. ఇక్కడ అలా కాదు. ప్రతి యోధుడికీ వేగం అనే అంకె ఒకటుంది. గడియారం కొట్టుకున్న ప్రతిసారీ ఎవరి వేగం ఎంతో అంత వాళ్ల లెక్కలో జమ అవుతుంది. 100 నిండినవాడికి వంతు వస్తుంది. వంతులో నడవడం, కొట్టడం రెండూ చేస్తే లెక్కలోంచి 100 పోతుంది. ఏదో ఒకటే చేస్తే 80 పోతుంది. ఏమీ చేయకుండా కూర్చుంటే 60 మాత్రమే. ఆగినవాడికి మిగిలిన ఆ 40 వల్ల మళ్లీ వంతు త్వరగా వస్తుంది.

ఈ ఆటకి ప్రాణం ఇదేనని నా నమ్మకం. మా అక్క కొడుకు పక్కన కూర్చుని చూస్తుంటాడు. “మామయ్యా, వాడు దగ్గరకొచ్చేశాడు, కొట్టెయ్!” అంటాడు. “ఆగరా, ఇంకో రెండు గడులు రానీ” అంటాను. నేను ఎదురెళ్తే నా సైనికుడొక్కడే వాళ్ల గుంపులో చిక్కుతాడు. వాళ్లే వస్తే నా ఐదుగురూ కలిసి ఎదుర్కొంటారు. వంతు ముగించేటప్పుడు సైనికుణ్ణి ఎటు తిప్పి నిలబెట్టాలో కూడా మనమే చెప్పాలి. ఎదుట నుంచి వచ్చే దెబ్బను తప్పించుకోగలిగినవాడికి కూడా వెనక నుంచి వస్తే తప్పించుకోవడం కష్టం. ఎటు చూస్తూ ఆగాలన్నది ఎక్కడ ఆగాలన్నంత ముఖ్యం. కొత్తగా ఆడేవాళ్లు దీన్ని మొక్కుబడిగా నొక్కేసి ముందుకు పోతారు. అక్కడే సగం యుద్ధం పోతుంది.

మంత్రాల దగ్గర గడియారం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మాంత్రికుడు మొదలుపెట్టగానే నిప్పు పడదు. చిన్న మంత్రానికి కొన్ని టిక్కులు చాలు. ఉల్కను రాల్చే మీటియోర్‌కి చాలా సేపు పడుతుంది. ఈలోగా అవతలివాళ్లకి వంతులొస్తాయి. మంత్రాన్ని గడికి కట్టాలా, మనిషికి కట్టాలా అన్నది ముందే తేల్చుకోవాలి. గడికి కడితే శత్రువు పక్కకి జరిగిపోవచ్చు. మనిషికి కడితే వాడెక్కడికెళ్తే మంత్రం అక్కడికెళ్తుంది. వాడు నేరుగా మన గుంపులోకి నడిచొస్తే ఆ నిప్పు మనవాళ్లనూ కాలుస్తుంది. అందుకే మంత్రం వేసే ముందు వంతుల వరుస చూస్తాను, అది పడేలోపు ఎవరెవరు కదులుతారో లెక్కేస్తాను. ఇదే నియమాన్ని తిప్పి వాడుకోవచ్చు కూడా. ఫ్లేమ్ షీల్డ్ పట్టుకున్నవాడు అగ్నిని పీల్చుకుని బలం పుంజుకుంటాడు. నా మాంత్రికుడి చేత అగ్నిమంత్రాన్ని ఆ డాలు పట్టిన నా సైనికుడికే కట్టించి, వాణ్ణి శత్రువుల మధ్యకి పంపిస్తాను. నిప్పు పడ్డాక చుట్టూ ఉన్నవాళ్లు కాలతారు, మధ్యలో ఉన్నవాడి గాయాలు మానతాయి. ఒకదానికొకటి ముడిపడిన చిన్న చిన్న నియమాల నుంచి ఇంతటి ఎత్తుగడ పుట్టడం చూస్తే, ఈ ఆట కట్టినవాళ్ల మీద నాకు నిజమైన గౌరవం కలుగుతుంది.

ఎవరైనా కూలిపోతే తల మీద 3 అనే అంకె కనిపిస్తుంది. వాడి వంతు వచ్చినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది. గడువు దాటితే వాడు స్ఫటికంగానో, నిధిపెట్టెగానో మారిపోతాడు. ఇక తిరిగి రాడు. వేగం ఎక్కువున్నవాడికి ఈ గడువు కూడా వేగంగానే కరిగిపోతుంది. బతికించే మంత్రానికి సమయం పడుతుంది. కెమిస్ట్ అనే యోధుడు విసిరే ఫీనిక్స్ డౌన్ అనే వస్తువు వెంటనే పనిచేస్తుంది. అందుకే పైకి సాదాసీదాగా కనిపించే కెమిస్ట్‌ని నేనెప్పుడూ జట్టులోంచి తీయను. స్ఫటికాన్ని తాకితే పోయినవాడు నేర్చుకున్న విద్య మరొకడికి అబ్బే వీలుంది. ఆ విద్యను శత్రువు దక్కించుకోకముందే మనవాడు చేరుకోవాలని నేను పడే ఆరాటం మామూలుది కాదు.

కథ కూడా సమయం గురించే. యాభై ఏళ్ల యుద్ధం ముగిశాక జీతాలివ్వకుండా ఇంటికి పంపేసిన సైనికులు తిరగబడతారు. వాళ్లను అణచడానికి బయల్దేరతాడు గొప్ప వంశపు కుర్రాడు రామ్జా. అతనితో కలిసి పెరిగిన సామాన్యుడు డెలీటా. జీక్‌డెన్ కోట దగ్గర డెలీటా చెల్లెలు టియెట్రాను తిరుగుబాటుదారుడొకడు బందీగా పట్టుకుంటాడు. ఆ పిల్ల ప్రాణం లెక్కచేయకుండా బాణం వేయమని ఆజ్ఞ ఇచ్చేది రామ్జా సవతి అన్నే. అంతవరకూ ప్రతి అడుగూ మన చేతిలో పెట్టిన ఆట అక్కడ మనకి వంతు ఇవ్వదు. చూస్తూ ఉండాల్సిందే. తర్వాత డెలీటా రాజవుతాడు, రామ్జా మతద్రోహిగా ముద్రపడి చరిత్రలోంచి చెరిగిపోతాడు. మరుగున పడేసిన పత్రాల్లోంచి నిజం వెలికితీసే చరిత్రకారుడే మనకి ఈ కథ చెబుతాడు. వీడియో గేముల్లో కథలుండవనేవాళ్లు ఈ ఒక్క కోట వరకైనా ఆడాలి.

కొత్త వెర్షన్‌లో ఎవరి తర్వాత ఎవరి వంతో తెర మీద ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. వెనకటిలా మెనూ తెరిచి వెతుక్కోనక్కర్లేదు. సంభాషణలకు గొంతులు వచ్చాయి. స్క్వైర్, నైట్, టాక్టిషియన్ అని మూడు స్థాయిలున్నాయి. మొదటిసారి ఆడేవాళ్లు మొహమాటపడకుండా స్క్వైర్‌తో మొదలుపెట్టండి. పాత వెర్షన్ ఆడేవాళ్లకు మాత్రం ఒక మాట. రియోవేన్స్ కోట గుమ్మం దాటేముందు తప్పకుండా వేరే స్లాట్‌లో సేవ్ చేసుకోండి. లోపల వరుసగా యుద్ధాలుంటాయి, రామ్జా ఒంటరిగా వీగ్రాఫ్ అనే శత్రువుని ఎదుర్కోవాలి. మధ్యలో పాత సేవ్ మీదే సేవ్ చేస్తే, సిద్ధపడి రావడానికి వెనక్కి దారి ఉండదు.