నవ్వించేవాడికి ఆ వేషం ఇయ్యను

ఆడి మాసంలో పెరియపాళయంలో నాటకం మాట ఎత్తలేం. వేపాకు చీర కట్టుకుని భవానీ అమ్మవారికి మొక్కు తీర్చుకునే జనంతో ఊరు కిక్కిరిసిపోతుంది. మా వేషగాళ్ళలో సగం మందికి అంగళ్ళున్నాయి మరి. ఆ సందడి తగ్గాకే వేషాలు పంచడానికి కూర్చుంటాం. ఈసారి ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లు పెళ్ళి ఘట్టం. విజయనగరం యాస మా నోళ్ళకు పలకదు. అరవం కలిసిన మా తెలుగులోనే కానిమ్మన్నాను.

అందరికీ గిరీశమే కావాలి. 1955 సినిమాలో ఎన్టీ రామారావు వేశాడు కదా! నన్నడిగితే ఈ ఘట్టం నిలిచేది లుబ్ధావధాన్ల మీద. పసిపిల్లను డబ్బిచ్చి కొనుక్కోబోయే ముసలాడు. ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి అంటగడతాడు. పెళ్ళయ్యాక పిల్ల మాయం, ముసలాడి నెత్తిన ఖూనీ కేసు. అతను గిలగిల్లాడుతుంటే మనం నవ్వాలి. ఆ చీరలో నిజంగా ఆడపిల్లే ఉండుంటే? ఆ ఊహ వచ్చి నవ్వు గొంతులో ఆగాలి. వేషగాడు తానే నవ్వించబోతే ఆ రెండోది చచ్చినా రాదు.

తెరుక్కూత్తు వీధినాటకాల్లో కట్టియక్కారన్, అంటే విదూషకుడి వేషం వేసే ఆయన మా జట్టులో ఉన్నాడు. “ముసలాడి వేషం నాకియ్యన్నా, మీసం కదిపితే చాలు” అన్నాడు. అందుకే ఇయ్యలేదు. కట్టియక్కారన్ జనం పక్షాన నిలబడి రాజును ఎగతాళి చేస్తాడు. లుబ్ధావధాన్లకు ఆ వీలు లేదు, అతని దృష్టిలో ఆ పెళ్ళి న్యాయమైన బేరం. ఆ బేరం కుదిర్చి జనం వైపు కన్ను గీటే రామప్పంతులైతే ఈయనకు సరిగ్గా సరిపోతాడు.

ముసలాడి కోసం వచ్చినవాళ్ళ చేత నేను మాటలు చెప్పించలేదు. గుప్పెడు చిల్లర ఇచ్చి లెక్కపెట్టమన్నాను. ఒకరిద్దరు కళ్ళు పెద్దవి చేసి, నాలుక తడుపుకుని, లోభిలా నటించారు. కిరాణా అంగడాయన మాత్రం బిళ్ళలను విలువ ప్రకారం దొంతులు పెట్టి, ఒకటి బొటనవేలితో తడిమి, “ఇది అరిగిపోయింది, వేరేది ఇయ్యండి” అన్నాడు. అందరూ పక్కున నవ్వారు. ఆయన తలెత్తి ఎందుకన్నట్టు చూశాడు. వేషం ఆయనదే!

ఇక మిగిలింది పెళ్ళికూతురు, అంటే శిష్యుడు. కాలేజీ చదివే ఒకమ్మాయి అడిగింది. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టాలని నటుడు బళ్ళారి రాఘవ అంత పోరాడాడు, నేనూ ఆ పక్షమే. ఈ ఒక్క వేషం దగ్గర మాత్రం మెట్టు దిగను. చీర లోపల ఉన్నది మగపిల్లాడని చూసేవాళ్ళకు క్షణక్షణం గుర్తుండాలి, లేకపోతే పెళ్ళిపందిట్లో ఒక్కరూ నవ్వరు. గొంతు మారుతున్న ఒక కుర్రాడికి ఇచ్చాను.

“అయితే మామా, ఆడపిల్ల మగవేషం కడితే తప్పా? నన్ను ముసలాడి నౌకరు అసిరిగాణ్ణి చెయ్యి” అంది. సరేనన్నాను. గోచీ సంగతే వాళ్ళమ్మతో మాట్లాడి తేల్చుకోవాలి.